మొదటి స్థిరమైన కూర్పు ఎప్పుడు వెలువడవలెను?

కంప్యూటరు ప్రోగ్రాములకు సంఖ్యలు పెట్టు ఆచార మొకటి కలదు. 0.1 అనియు, 0.5 అనియు, 0.9 అనియు ముందుగా వెలువడు కూర్పులను జనులు పరీక్షార్థము వచ్చినవిగా నెంచుదురు. 1.0 అను సంఖ్య పెట్టిననాఁడు మాత్రము, వ్రాసినవారు “ఇది స్థిరమైన కూర్పు, ఇఁక మీరు దీనిని నమ్మి మీ పనులు చేసికొనవచ్చును” అని లోకమునకుఁ జెప్పినట్లగును. ఆ మాట యెన్నఁడు చెప్పవచ్చును? ఎన్నఁడు చెప్పరాదు? అమ్మకమునకై ప్రోగ్రాములు చేయు కంపెనీలలో నీ ప్రశ్నకు బేరము చూచువారే తఱుచుగా సమాధానము చెప్పుదురు. పండుగ దాఁటకముందే సరకు బజారునకు రావలెనని వారి తొందర. ఓపెన్ సోర్సు సాఫ్టువేరును వ్రాయువారిలోఁ బెక్కుమందికి అట్టి యజమానుఁడు లేఁడు, గడువు లేదు, జీతమును లేదు. కావున వారు తమ్ముఁ దామే ప్రశ్నించుకొనవలసియున్నది. మన పాఠశాలలయందుఁ బై తరగతుల బాలబాలికలు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్న యీ దినములలో నిది మనకు సంబంధింపని విషయము కాదు.

తల్లిదండ్రులలో నీ మాటలను క్రొత్తగా వినువా రుందురు గావున కొంచెము వివరింతును. ప్రోగ్రామనఁగా కంప్యూటరునకు మనుష్యుఁడు వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుస. ఆ వ్రాఁతకే సోర్సు, అనఁగా మూలమని పేరు. అనేక కంపెనీలు మూలమును దాఁచి, యంత్రమునకు మాత్రమే తెలియు రూపమును మనకు విక్రయించును. ఓపెన్ సోర్సువారు మూలమునే బహిరంగముగా నుంచి, దీనిని ఎవరైనను చదువవచ్చును, నకలు తీసికొనవచ్చును, మార్చి మఱియొకరికి ఈయవచ్చును అని లైసెన్సు వ్రాసి యిత్తురు. ఆవకాయ జాడీని అమ్ముటకును, ఆవకాయ పెట్టు విధానమును కారపుఁగొలతతో సహా ఊరందఱికిఁ జెప్పుటకును గల భేదమువంటి దిది.

విద్యార్థులు సంఖ్యను మార్కుగాఁ దలఁచుట సహజము. 0.9 అనఁగా నూటికిఁ దొంబది, 1.0 అనఁగా నూటికి నూఱు అని వారి లెక్క. ఈ లెక్క తప్పు. ఆ సంఖ్యల నడుమ నుండు చుక్క దశాంశపుఁ జుక్కయే కాదు. 0.9 తరువాత 0.10 వచ్చును, 0.11 వచ్చును, లెక్కల మాస్టరుగారికి ఎంత కష్టముగా నున్నను, ఇచ్చట 0.10 అనునది 0.9 కంటెఁ బెద్దది. ఇఁక 1.0 అనునది తప్పులన్నియుఁ దీరెననుటకు గుఱుతు కాదు. కొంచెము పెద్దదైన యే ప్రోగ్రామునందును తప్పులు పూర్తిగాఁ దీరుట యుండదు. మఱి దేనికి గుఱుతు? నా యభిప్రాయమున నది యొక వాగ్దానము. నేఁటినుండి దేనిని మార్చకుందును, మార్చక తప్పనప్పుడు ఎంత ముందుగాఁ దెలిపి మార్తును, చెడినప్పుడు ఎవరు పలుకుదురు అను సంగతులనుగూర్చి వ్రాసినవారు వాడుకొనువారికి ఇచ్చు మాట. ఆ మాట నిలుపుకొనుటకు వ్రాసినవారు సిద్ధపడిననాఁడే ప్రోగ్రాము సిద్ధమైనది. అంతకుముందు అది యెంత యందముగా నున్నను సిద్ధము కాలేదు.

కృష్ణా డెల్టాలోఁ బుట్టినవారికి ఈ సంగతి కంప్యూటరును చూడకయే తెలియును. 1852లో మొదలిడి 1855లో ముగించిన పాత యానకట్టనాఁడును, 1957లో తెఱవఁబడిన ప్రకాశము బరాజు నాఁడును, బెజవాడకడఁ దలుపులెత్తి కాలువలకు నీరు విడుచు దినమునకై రైతు కనిపెట్టుకొని యుండుట యొక్కతీరుగనే యున్నది. ఆ దినమునాఁటికి ఏలూరు కాలువ గట్లన్నియుఁ జక్కగా నుండునా? గుఱ్ఱపుడెక్క పట్టని చోటు, గట్టు జాఱని చోటు ఉండునా? ఉండవని అందఱు నెఱుఁగుదురు. ఐనను నీరు వచ్చెనని నమ్మి రైతు నారుమడి పోయును. అతఁడు పోసిన తరువాత నీరు నిలిపివేసినచో ఆ నారెండిపోవును. ముందుగానే నీరు రాదని చెప్పియున్నచో అతఁడు మఱియొక పైరు చూచుకొనెడివాఁడు. అందుచేత నీరు విడుచువారు ముఖ్యముగా నాలోచింపవలసినది, గట్లు దోషరహితముగా నున్నవా యని కాదు, నాటిన చేనికి వంతులవారీగానైనఁ దుదివఱకు నీరీయఁగలమా యని. తూము బాగుచేయుటకై రెండు దినములు నీరు కట్టివేయవచ్చును, ముందుగాఁ జాటింపు వేసినచో. చెప్పక కట్టుటయే ద్రోహము.

ప్రోగ్రాముల చరిత్రలో నీ విషయమును చక్కగాఁ దెలుపునవి కొన్ని కలవు. ఫిన్లండుదేశమున విద్యార్థిగా నుండిన లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు 0.01 అను కూర్పును బయలుపెట్టెను. 1992 మొదట 0.12 నుండి ఒక్కసారిగా 0.95కు దుమికెను, 1.0 ఇఁక గుమ్మముకడనే యున్నదని ఆయన తలఁపు. కాని యంత్రముల నొకదానితో నొకటి కలుపు నెట్వర్కు భాగము కుదుటఁబడుటకు అనుకొన్నదానికంటెఁ జాల హెచ్చు కాలము పట్టెను. మిగిలిన సంఖ్యలు చాలక, 0.99 అనుదానికి అతుకుమీఁద అతుకుగాఁ బదునైదువఱకు వేసికొనుచుఁ బోవలసివచ్చెను. తుదకు 1994 మార్చి 14వ తేదీన 1.0 వెలువడెను. ఈ రెండేండ్ల యాలస్యమును కొందఱు హాస్యముగాఁ జెప్పుకొందురు. నాకిది గౌరవింపఁదగినదిగాఁ దోఁచుచున్నది. సంఖ్య దగ్గఱపడెను గదా యని పని ముగియకముందే మాట యిచ్చివేయుట ఎంత సుకరము! ఆయన అట్లు చేయక, వినుటకు విడ్డూరముగా నున్న సంఖ్యలను భరించెను. నేఁడు మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులన్నిటికిని అడుగున నున్నది ఆ లినక్సే.

డెబియన్ కథ మఱియొక విధమైనది. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన యీ డెబియన్, లినక్సును దానిపై నడచు ప్రోగ్రాములతోఁ గూర్చి యందఱకు నిచ్చు స్వచ్ఛందసమూహము. 1995 కడపట సీడీలు వేసి యమ్ము వ్యాపారి యొకఁడు, ఇంకను తయారుకాని వారి కూర్పును తీసికొని, దానిపై 1.0 అని వేసి యమ్మివైచెను. మూలము బహిరంగమైనది గావున నకలు తీయుట నేరము కాదు. కాని ఆ సంఖ్య నిచ్చుటకు అతనికి నధికారము లేదు, అతని మాట నిలుపుకొనువారును లేరు. డెబియన్‌వారు జనులు భ్రమపడకుండుటకై ఆ సంఖ్యనే విడిచివైచి, 1996 జూనులో తమ కూర్పును 1.1 అని వెలువరించిరి. డెబియన్ 1.0 అనునది నేఁటివఱకును లేనేలేదు. తమవలని తప్పు లేకున్నను, తామీయని మాట తమ పేర ఊరిలోఁ దిరుగుచుండఁగా దానిపైఁ దమ మాటను నిలుపరాదని వారెంచిరి. ఆ పిమ్మట వారికి, తేదీకిఁ గాక, సిద్ధమైనప్పుడే విడుదల చేయుట అలవాటుగా నిలిచినది.

తొందరపడినవారి యుదాహరణము కేడీయీ 4.0. ఇది తెరపై కిటికీలను, పట్టికలను చూపు వ్యవస్థ. మొదటి విడుదల కాకున్నను, చాలవఱకు మూలమునుండి తిరిగి వ్రాయఁబడినది గావున మొదటిదానితో సమానము. అది 2008 జనవరి 11న వెలువడెను. పాత 3.5లో నుండిన సౌకర్యములు చాల నిందు లేకపోయెను. ఉన్నవియుఁ దఱుచుగాఁ గూలుచుండెను. ఇది ఉత్సాహవంతుల కొఱకును, ప్రోగ్రాములు వ్రాయువారి కొఱకును వెలువరించితిమని వ్రాసినవారు చెప్పుచునే యుండిరి. కాని జనులు చదివినది వారి వివరణమును గాదు, 4.0 అను సంఖ్యను. వారి పక్షమున నొక వాదము కలదు, దానిని త్రోసిపుచ్చరాదు: విడుదల చేయనిదే పరీక్షించువారు రారు, పరీక్షింపనిదే తప్పులు తేలవు. నిజమే. బీటా యని పిలిచినచో వచ్చువారు తక్కువ. ఐనను వచ్చిన ఆ కొలఁదిమంది తెలిసి వచ్చినవారు. వారు కూలిన తెరను చూచి తిట్టక, కూలిన విధమును వ్రాసి పంపుదురు. వేలకొలఁది జనులను తెలియకుండఁ బరీక్షకులను జేయుటకంటె, తెలిసి వచ్చిన నూఱుగురతో నాలుగు నెలలు హెచ్చుగాఁ గష్టపడుట మేలు.

ఇంతవఱకుఁ జదివి, ఆలస్యము చేయుటయే ధర్మమని చెప్పుచున్నానని యనుకొనరాదు. ఎన్నటికిని 1.0 అనకుండుటలో నొక కపటము కలదు. వైన్ అను ప్రోగ్రాము, విండోసు ప్రోగ్రాములను లినక్సుపై నడపించునది, 1993లో మొదలై 2008 జూనులోఁ గాని 1.0 కాలేదు. బొమ్మలు గీయుటకు లోకమంతటను వాడుచున్న ఇంక్‌స్కేప్ 2003లోఁ బుట్టి 2020 మే నెలలో 1.0 అయ్యెను. వైన్ విషయమునఁ గారణము నాకు బోధపడును. విండోసు మాఱుచుండఁగా దానిని వెంబడించుట నీడను పట్టుటవంటిది. కాని ఇంక్‌స్కేప్‌నందు పదేండ్లకొలఁది జనులు తమ జీవనోపాధికై బొమ్మలు గీసి దాఁచుకొనిరి. అట్టిచోట 0.92 అని వ్రాసియుండుట, “మేము పరీక్షార్థమే యిచ్చితిమి, నమ్మినది మీరు” అని తప్పించుకొనుటకు వీలుగా నుండును. వారు తప్పించుకొనలేదు, శ్రద్ధగనే పనిచేసిరి; వారిని నిందింపను. కాని ఆ వీలునే నేను ఒప్పను. సంఖ్యలను గూర్చి నేఁడు పెక్కండ్రు అనుసరించు నియమావళియుఁ దాదాపుగా నిట్లే చెప్పును: జనులు నిజమైన పనులకు వాడుచున్నచో అది అప్పటికే 1.0 కావలసియున్నది. రైతు నారు పోసినాఁడా లేదా యని చూడవలెను. పోసినచో మాట యిచ్చినట్లే, నోటితో నన్నను అనకున్నను.

ఇప్పుడు మన భాష సంగతికి వత్తును. ఏలయనఁగా ఇచ్చట మనము సంఖ్యలకొఱకుఁ గాదు, మన యక్షరములకొఱకు నష్టపడితిమి.

కంప్యూటరులు మన ముద్రణాలయములకు వచ్చిన క్రొత్తలో, తెలుఁగు ఫాంటు చేసినవారెల్లరు ఆంగ్లాక్షరముల స్థానములలో తలకట్టు నొకచోట, గుడి నొకచోట, ఒత్తు నొకచోటఁ దమకుఁ దోఁచినట్లు పెట్టుకొనిరి. ఒక ఫాంటుతోఁ గూర్చిన పుటను ఆ ఫాంటు లేని మఱియొక యంత్రమునఁ దెఱచినచో తెలుఁగు కనఁబడదు, అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనఁబడును. బెజవాడ మొదలు హైదరాబాదు వఱకుఁ బత్రికలును, పుస్తకములును, పాఠశాలల సంచికలును ఏండ్లకొలఁది అట్లే కూర్చఁబడినవి. ఆ ప్రోగ్రాములు చెడ్డవి కావు. ముద్రణము ముచ్చటగానే వచ్చెను. కాని ఈ గుఱుతు ఎల్లప్పుడు ఈ యక్షరమే యని ఎవరును ఎవరికిని మాట యీయలేదు. కాగితముపై నున్నది నిలిచినది, డిస్కులో నున్నదానిలో చాల భాగము నేఁడు చదువుట కందదు. వెన్న నాగార్జున గారు పద్మ యను బహిరంగమైన ఉపకరణమును చేసి పత్రికల ఫాంటులను యూనికోడు తెలుఁగులోనికి మార్చి చూపువఱకు, మన దినపత్రికలను ఇంటర్నెట్టున వెదకుటయు దుస్సాధ్యముగా నుండెను. తెలుఁగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టినవారును ఆయనయే.

యూనికోడు ప్రోగ్రాము కాదు, అన్ని దేశముల లిపులకు సంఖ్యలను కేటాయించు ప్రమాణము. దాని మొదటి కూర్పు 1991లో వెలువడెను. అందు తెలుఁగు కలదు. ఆ తెలుఁగు సంపూర్ణమా? కానేకాదు. చదువరులలో వృద్ధులు ఎఱిఁగిన దంత్యములైన ౘ, ౙ లు 2008లోఁ గాని చేరలేదు. ప్రాచీన శాసనములలోని ఴ 2014లోఁ జేరెను. పాత యచ్చుపుస్తకములలోఁ గనఁబడు నకారపొల్లు, అనఁగా ౝ అను గుఱుతు, 2021లోఁ జేరెను. అది లేనినాళ్లలో నట్టి పుస్తకములను ఉన్నదున్నట్లు ఎక్కింపఁ దలఁచినవారికి వేఱు దారి లేకుండెను. ముప్పది యేండ్ల లోపము! సంపూర్ణత యే స్థిరత్వమైనచో యూనికోడును 1991లో వెలువరింపకుండ 2021 వఱకు ఆపవలసియుండెడిది. అప్పటికి తెలుఁగు ఏమై యుండునో ఊహింపుఁడు. కాని 1991లో అకారమునకు నిచ్చిన స్థానము నేఁటికిని అదియే. క్రొత్తవి చేరినవి, పాతవి కదలలేదు. ఒకసారి చోటిచ్చిన అక్షరమును కదలింపము, తీసివేయము, దాని పేరునైనను మార్చము అని వారి నియమము. ఈ నియమ మెంత దృఢమైనదనఁగా, ఒక కుండలీకరణచిహ్నము పేరులో బ్రాకెట్ అను ఆంగ్లపదమునకు రెండక్షరములు తాఱుమాఱై యచ్చుపడినవి. తప్పని యందఱికిఁ దెలియును. ఐనను ఆ పేరట్లే యున్నది, ప్రక్కన దిద్దుబాటు మాత్రము చూపఁబడినది. తమ ప్రతిష్ఠకంటె తమ మాట హెచ్చని యెంచినవారు గాని యిట్లు చేయరు.

తెలుఁగువారు దీనినుండి నేర్చుకొనవలసినది యెక్కువగాఁ గలదు, మన పండితులకు అసంపూర్ణమైనదానిని వెలువరించుట యనఁగా నొకవిధమైన సంకోచము. ఆ సంకోచము లేనివారిలో నొకరు పెనుగంచిప్రోలునఁ బుట్టిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు. ఆయన పూనిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మూఁడు సంపుటములై, 1915 మొదలుకొని వెలువడి, అకారముతోనే నిలిచిపోయెను. ఆయన 1923లో దివంగతులైరి. క్షకారమువఱకు వ్రాసిన పిమ్మట వెలువరింతమని యుండినచో మన కేమియు దక్కియుండదు. ఉన్న యకారముమాత్రము గట్టిగా నిలిచినది.

తరువాత యూనికోడుననుసరించి ఫాంటులు వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన యను ఫాంటులు స్వేచ్ఛగా వాడుకొనుటకు ఈయఁబడినవి. 2005 ప్రాంతమున స్వేచ్ఛ సంస్థవారు తెలుఁగు తెరలతోఁ గూడిన లినక్సును కూర్చిరి. తెఱలను తెలుఁగుచేయు పనిలో నొక నియమము కలదు: గ్నోమ్ అను వ్యవస్థ, తన వాక్యములలో నూటికి ఎనుబది అనువాదమైననే ఆ భాషకు మద్దతు కలదని ప్రకటించును. కొలత యుండుట మంచిదే. కాని కొలతతోనే తృప్తిపడరాదు. అనువాదము కాని యిరువదిలో “ఈ ఫైలును శాశ్వతముగాఁ దుడిచివేయనా?” అను ప్రశ్న యున్నదనుకొనుఁడు. తెలుఁగు మాత్రమే చదువఁగలిగిన తల్లి, అర్థము కాక, సరే యని నొక్కును. ఆమెకు నూటికి తొంబదితొమ్మిది తెలుఁగైనను ప్రయోజన మేమి? స్థిరమైనదని చెప్పుటకుముందు వదలఁగూడని వేవో ముందుగా పట్టిక వ్రాసికొని, అవి నూటికి నూఱు తీర్చి, తక్కినవి ఎనుబదికైనను అఱువదికైనను విడువవచ్చునని నా తలంపు.

ఇచ్చట జ్ఞా అను నక్షరమును మఱవరాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులందు, 11.2.5 అను స్థిరమైన కూర్పున, జకారమునకు ఞకారపు టొత్తును, కంటికిఁ గనఁబడని యొక విభాజకచిహ్నమును, దీర్ఘమును కలసిన వరుస యొకటి సందేశముగా వచ్చినంతనే ఆ సందేశముల ప్రోగ్రాము కూలుచుండెను. జ్ఞానమునకు మొదటి యక్షరము అంత పని చేసెను! ఆ నెల 19వ తేదీన 11.2.6 వెలువరించి కంపెనీవారు దీనిని సవరించిరి. విచిత్రమేమనఁగా, అప్పటికే పరీక్షార్థము వెలువడియుండిన 11.3 బీటాలో నీ దోషము లేదు. అది బహిరంగమూలమైన ప్రోగ్రాము కాదు, ధనమునకును పరీక్షకులకును కొదువలేని కంపెనీది. ఐనను సంఖ్య తప్పును ఆపలేదు. వారు నిలుపుకొన్నది మఱియొకటి: చెడినదని తెలిసిన కొలఁది దినములలో సవరించిరి. స్థిరత్వమనఁగా నిదియే యని నేననునది. ఇఁక తెలుఁగు ప్రోగ్రాములు వ్రాయువారు మాత్రము పరీక్షకు “అమ్మ, ఆవు” అనువానితోఁ దృప్తిపడక, స్త్రీ, రాష్ట్రము, జ్ఞానము, లక్ష్మ్యాది పదములను, అరసున్నను, బండి ఱను, పొల్లుతో ముగియు పేర్లను ఎక్కించి చూడవలెను. అకారాదిగాఁ బేర్చునప్పుడు క్షకారమెచ్చటఁ బడుచున్నదో, సున్న యెచ్చటఁ బడుచున్నదో చూడవలెను. మన పిల్లల పేర్లలోనే ఇవన్నియుఁ గలవు, దూరము పోనక్కఱలేదు.

ఇప్పుడు మన గుణదలవంటి చోట నొక పాఠశాలలో పదవ తరగతి బాలిక యొకర్తె గ్రంథాలయమున పుస్తకములిచ్చి పుచ్చుకొను రిజిస్టరునకై ప్రోగ్రాము వ్రాసెననుకొందము. లైబ్రేరియనుగారు ముచ్చటపడి పెద్ద పుస్తకము మూసివైచి దానినే వాడఁదొడఁగుదురు. అది 1.0 యెప్పు డగును? కొందఱు ఉపాధ్యాయులందురు: బాలురు చేసినది బాలురదే, అసంపూర్ణమైనదానిని బయటికిఁ బంపినచో పాఠశాలకుఁ జెడ్డపేరు. నేను ఒప్పుకొనను. పరీక్షాపత్రము దిద్దునట్లు దీనిని దిద్దఁజూచినచో ఏ పిల్లయు ఏదియు ఇతరులకుఁ జేసి యీయదు. ఐనను వారి భయమున నిజము లేకపోలేదు. అది మఱియొకచోట నున్నది. ఏప్రిలునాఁటికి ఆ బాలిక పరీక్షలు ముగించి వెడలిపోవును. జూనులో పాఠశాల తెఱచునప్పటికి రిజిస్టరు తెఱవఁబడకున్నచో ఎవరిని పిలువవలెను? తెరపైని రంగులు, బొత్తాముల సొగసు, పుస్తకపు అట్ట బొమ్మ కనఁబడుట, ఇవి యన్నియు లేకున్నను నష్టము లేదు. కాని ఇచ్చిన పుస్తకముల జాబితాను ఎప్పుడు కావలసిన నప్పుడు సాదా పట్టికగా వెలికిఁ దీసి మఱియొక ప్రోగ్రామునఁ దెఱవవచ్చునా? ఈ యేటి జాబితా వచ్చు నేటి కూర్పునఁ దెఱచుకొనునా? విద్యుచ్ఛక్తి నడుమ నాఁగినచో అప్పటివఱకు వ్రాసినది నిలుచునా? తొమ్మిదవ తరగతిలో ఇద్దఱైనను మూలమును చదివి, చిన్న తప్పును తమంతట దిద్దఁగలరా? ఈ ప్రశ్నలకు ఔనని చెప్పఁగలిగిననాఁడు దోషముల పట్టికలో నిరువది మిగిలియున్నను 1.0 అనవచ్చును. చెప్పలేనినాఁడు ఒక్క దోషమైనను లేకున్నను అనరాదు.

బహిరంగమూలమైనందువలని లాభ మిచ్చటనే యున్నది. మూలము దాఁచిన ప్రోగ్రామైనచో వ్రాసినవారు వెడలిపోయిననాఁడే అది యనాథ. మూలము తెఱచియున్నచో మాటను మఱియొకరు తలకెత్తుకొనవచ్చును. డెబియన్‌ను మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ 1996లోనే నాయకత్వము విడిచెను, 2015లో మరణించెను, డెబియన్ మాత్రము నిలిచియున్నది. కాని మూలము తెఱచియుండుట యొక్కటియే చాలదు. చదువ శక్యముకాని మూలము తాళము వేసిన పెట్టెతో సమానమే. అందుచేత ఆ బాలిక చేయవలసిన కడపటి పని క్రొత్త సౌకర్యమును చేర్చుట కాదు. ప్రోగ్రామును ఎట్లు పెట్టుకొనవలెనో, పట్టిక యే రూపమున నున్నదో, ఏది మార్చరాదో తెలుఁగున రెండు పుటలు వ్రాయుట. ఇది పిల్లలకు బొత్తిగా నచ్చని పని యని యెఱుఁగుదును.

విడుదలచేయు దినమును గూర్చియుఁ గొంచెము. సంవత్సరాంతమున, వార్షికోత్సవమునాఁడు, అతిథుల యెదుట విడుదల చేయవలెనని మనవారికి ఉబలాటము. అది యన్నిటికంటెఁ జెడ్డదినము. ఫిబ్రవరిలోఁ గొండమీఁది తిరునాళ్ల జనసమ్మర్దము, వెంటనే పరీక్షలు, వెంటనే సెలవులు. తప్పు తేలినను సవరించు చేతు లుండవు. దసరా సెలవులు ముగిసి పిల్లలు తిరిగివచ్చిన తరువాతి వారము నాకు నచ్చును. అప్పటికి నాలుగు నెలల యిచ్చిపుచ్చుకొనుటలు జరిగియుండును, వ్రాసిన బాలిక ఇంకను బడిలోనే యుండును. ఆ వారమునుండి క్రిస్మసు సెలవులవఱకు పెద్ద రిజిస్టరును మూయక, రెండింటను వ్రాసి, డిసెంబరులో బీరువాలలోని పుస్తకములను ఎంచి చూచి, రెండు లెక్కలును సరిపోయినచో ఆ సాయంకాలమే లైబ్రేరియనుగారు సంఖ్యను మార్పించవచ్చును. సరిపోకున్నచో 0.10 అని వేయించి, జనవరిలో మఱల నెంచవలెను.